డైవర్సిటీ కోర్సులో చేరతానంటోంది, చేర్పించమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు అరండల్‌పేట, మిర్చి వ్యాపారం. మా అమ్మాయి విజయవాడ దగ్గర బీటెక్ ఫైనలియర్ చదువుతోంది. ఆడపిల్లల కోసమే పెట్టిన క్యాంపస్ డ్రైవ్‌లో కోడింగ్ టెస్టు, రెండు ఇంటర్వ్యూలు దాటి హైదరాబాద్‌ ఐటీ కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది. ఇప్పుడేమో కంపెనీల్లో ఆడవాళ్లు, వికలాంగులు లాంటివాళ్లకు సమాన అవకాశాలు అందేలా చూసే డైవర్సిటీ, ఈక్విటీ, ఇన్‌క్లూజన్ అనే విభాగం ఉంటుందట, అందులోకి వెళ్తానంటోంది. దానికి ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు, ఫీజు 85 వేలు. ఆ కోర్సా, ఎంబీఏ హెచ్‌ఆరా, వచ్చిన ఉద్యోగమా? ఆడవాళ్ల కోటాలో వచ్చిన ఉద్యోగమని బంధువులు అంటున్నారు. నైట్ షిఫ్టులంటే మాకు భయం.

జవాబు: ముందు ఉద్యోగంలో చేరనివ్వండి. ఆ 85 వేలు కట్టకండి. రెండు మూడేళ్లు పనిచేశాక కూడా ఆసక్తి అలాగే ఉంటే మంచి కాలేజీలో ఎంబీఏ హెచ్‌ఆర్ చేయవచ్చు. మీరడిగిన పోలికకు ఇంతకంటే ఎక్కువ చెప్పాల్సింది లేదు.

ఈ సర్టిఫికెట్ల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. పెద్ద కంపెనీల్లో కూడా ఈ విభాగంలో ఉండేది కొద్దిమందే. వాళ్లు కూడా చాలావరకు హెచ్‌ఆర్‌లోనో, లీగల్‌లోనో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాళ్లు. ఫ్రెషర్‌ని తీసుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టడం అరుదు. పైగా హైదరాబాద్‌లో చాలా ఆఫీసుల యాజమాన్యం అమెరికాలో ఉంటుంది. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం తన శాఖల్లో ఈ కార్యక్రమాలను ఆపేసింది. దానికి కాస్త అటూ ఇటూగా మెటా, వాల్‌మార్ట్, మెక్‌డొనాల్డ్స్ లాంటి కంపెనీలూ తగ్గించుకున్నాయి. అక్కడ గాలి మారితే ఇక్కడ ముందు పోయేది ఆ పేరున్న పోస్టే.

కానీ పని పోదు. మన దేశంలో దానికి చట్టాలున్నాయి. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకు పెంచారు. 50 మంది ఉంటే పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలి. వికలాంగుల హక్కులకు 2016 చట్టం ఉంది. ఆ కమిటీని నడిపేవాళ్లు, జీతాల్లో తేడాలు పట్టుకునేవాళ్లు, వీల్‌చైర్ లిఫ్టు దాకా వెళ్తుందో లేదో చూసేవాళ్లు ఎప్పుడూ కావాలి. మీ అమ్మాయి మనసు దీని మీద ఉంటే అది మంచి మనసు. ఆ దారి మాత్రం మామూలు ఉద్యోగం లోపలి నుంచే పోతుంది.

ఏది నిజంగా పనిచేస్తుందో కూడా ఆమెకు తెలియాలి. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు అమెరికాలో 800కు పైగా కంపెనీల మూడు దశాబ్దాల లెక్కలు పరిశీలించి 2016లో ఒక వ్యాసం రాశారు. వివక్ష చూపొద్దని అందరినీ బలవంతంగా కూర్చోబెట్టి చెప్పే క్లాసుల వల్ల పెద్దగా మేలు జరగలేదు, కొన్నిచోట్ల ఎదురు తిరిగింది కూడా. సీనియర్లు జూనియర్లకు అండగా నిలిచే మెంటరింగ్, వెనకబడినవారిని వెతికి తీసుకోవడం, ఫలితానికి ఫలానావాళ్లు బాధ్యులని పెట్టడం మాత్రం పనిచేశాయి. మన దగ్గర టాటా గ్రూపు 2008లోనే, కెరీర్ మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ల కోసం సెకండ్ కెరీర్స్ ప్రోగ్రాం మొదలుపెట్టింది. ఇంటర్వ్యూ సంగతే తీసుకోండి. అబ్బాయిని ప్రాజెక్టు గురించి అడిగి, అమ్మాయిని పెళ్లెప్పుడని అడిగే ప్యానెల్ ఉన్నచోట ఎన్ని పోస్టర్లు అంటించినా లాభం లేదు. అందరికీ అవే ప్రశ్నలు వేసి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు రాసిపెడితే చాలా పక్షపాతం అక్కడే తగ్గుతుంది. ఖర్చేమీ లేదు.

మిర్చి వ్యాపారం అన్నారు కదా. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, కాయ చేత్తో పట్టుకుని చూడకుండా రేటు కడతారా? కంపెనీనీ అలాగే చూడండి. స్టాక్ మార్కెట్లో విలువ పరంగా ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలు ఉద్యోగులు, పర్యావరణం లాంటి విషయాల్లో తమ తీరును చెప్పే బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం పెట్టింది. కంపెనీ వెబ్‌సైట్‌లో వార్షిక నివేదికతో పాటు దొరుకుతుంది. బిడ్డ పుట్టాక సెలవు తీసుకున్న ఆడవాళ్లలో ఎంతమంది తిరిగి వచ్చారో, ఆ తర్వాత ఎంతమంది నిలిచారో అందులో పట్టికగా ఉంటుంది. నేను ముందు చూసేది అదే. తిరిగి వచ్చినవాళ్లు చాలామంది ఉండి, నిలిచినవాళ్లు తక్కువైతే ఆ టీముల్లో ఏదో తేడా ఉంది. మగవాళ్లకు, ఆడవాళ్లకు మధ్యస్థ జీతం (జీతాలను వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎంతో, లైంగిక వేధింపుల ఫిర్యాదులెన్నో కూడా ఉంటాయి. వేలమంది ఆడవాళ్లున్న కంపెనీలో ఫిర్యాదులు సున్నా అని ఉంటే సంతోషపడకండి, చెప్పుకోవడానికి అక్కడ భయపడుతున్నారేమో అనుకోండి. లిస్ట్ కాని కంపెనీ అయితే ఇవన్నీ హెచ్‌ఆర్‌ను నేరుగా అడగాలి.

ఇక కోటా మాట. అమ్మాయి టెస్టు రాసింది, ఇంటర్వ్యూలు దాటింది అని మీరే రాశారు. మళ్లీ ఆ కిందే బంధువుల మాట ఎందుకండీ? అది వాళ్లు అన్నందుకు కాదు, మీరు నమ్మినందుకు ఆమెకు ఎక్కువ బాధ. మన విజయవాడ, గుంటూరు కాలేజీల్లో మార్కులున్న ఆడపిల్లలు క్లాసుకు సగం మంది కనిపిస్తారు. వాళ్లను దూరం పంపనిది ఇళ్లే. ఆ తలుపు తీయడానికి కంపెనీ ఒక డ్రైవ్ పెడితే దాన్ని తక్కువ చేయడం అన్యాయం. ఇంకో మాట కటువుగానే చెబుతాను. ఇంత ఉత్తరంలో మీ అమ్మాయి ఈ పని ఎందుకు చేయాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదు. నా దగ్గరికి వచ్చే నాన్నల్లో చాలామంది ఇంతే, పిల్లను ప్రశ్న అడిగితే తామే జవాబు చెబుతారు.

నైట్ షిఫ్టు భయం మాత్రం సరైనదే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. రాత్రి పనికి పెట్టుకుంటే రవాణా, భద్రత కంపెనీ చూసుకోవాలి. క్యాబ్‌లో చివరగా దిగేది అమ్మాయి అయితే గార్డు వస్తాడా, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు, ఫిర్యాదుల కమిటీలో ఎవరెవరున్నారు, వాళ్ల పేర్లు ఆఫీసులో ఎక్కడ అంటించారు, షిఫ్టు మార్చమంటే ఎన్నాళ్లు పడుతుంది: జాయినింగ్‌కు ముందు ఇవి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాలి. సూటిగా జవాబిచ్చే కంపెనీలున్నాయి, మీ అమ్మాయికి వచ్చింది అలాంటిదే కావచ్చు, కాబట్టి టెన్షన్ పడకండి. ఆ మెయిల్ మాత్రం ఆమెనే రాయనివ్వండి. మీరు చదవాలనుకుంటే ఆమెను అడిగి చదవండి.