హాస్టల్ నీళ్ళ వల్లే జుత్తు రాలిపోతోందా అని అడిగిన చెల్లికి

చెల్లీ, జూన్‌లో గుణుపురం నుంచి బరంపురం హాస్టల్‌కి వచ్చాను, సెప్టెంబర్ నుంచి దువ్వెన పెడితే గుప్పెడు జుత్తు వస్తోంది, ఇది బోరు నీళ్ళ వల్లేనా, షాంపూ మార్చమంటారా అని అడిగావు కదా. నాది పర్లాకిమిడి. నాలుగేళ్ళ కిందట నేనూ ఇలాగే ఏడ్చాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక పని చెయ్యి. ఊడిన వెంట్రుకలు నాలుగైదు తీసి వెలుతుర్లో చూడు. ఒక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడినట్టు. బొడిపె లేకుండా పొట్టి పొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో తెగినట్టు. బోరులో వచ్చే ఉప్పు నీళ్ళు జుత్తుని గడ్డిలా ఎండగొడతాయి, తెగేలా చేస్తాయి, కానీ కుదురు నుంచి గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడగొట్టవు. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం అందరికీ మామూలే, అది చూసి భయపడక్కర్లేదు.

నాకైతే రెండో కాన్పు అయిన నాలుగో నెలలో మొదలైంది. ఇల్లు తుడిస్తే చీపురుకి ఉండలు చుట్టుకునేది, పాప గుప్పిట్లో నా జుత్తు, అన్నంలో నా జుత్తు, మా ఆయన ఏమీ అనకపోయినా నాకే సిగ్గేసేది. బిడ్డ తల్లిని చూసి నవ్వడం మొదలెడితే తల్లి జుత్తు రాలుతుందని మా అత్త అనేది. అప్పుడు కోపం వచ్చేది గానీ తర్వాత తెలిసింది, కారణం నవ్వు కాకపోయినా ఆవిడ చెప్పిన టైము మాత్రం కరెక్టే అని. ఎందుకంటే ఒక్కో వెంట్రుక కొన్నేళ్ళు పెరిగి, ఆగిపోయి, ఒక మూడు నెలలు ఊరికే ఉండి అప్పుడు రాలుతుంది. ఒంటికి పెద్ద దెబ్బ తగిలితే, అంటే కాన్పు, ఆపరేషన్, టైఫాయిడ్, మలేరియా, డెంగ్యూ లాంటి గట్టి జ్వరం, లేదా తిండి బాగా తగ్గించెయ్యడం, చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం ఆపేస్తాయి, అవన్నీ రెండు మూడు నెలల తర్వాత కలిసి ఊడతాయి. మనమేమో నిన్న మార్చిన షాంపూనో నీళ్ళనో తిట్టుకుంటాం. కాబట్టి ఈ వారం ఏం మారింది అని కాదు, జూన్ జులైలో నీకేమైంది అని గుర్తు తెచ్చుకో. జ్వరం వచ్చిందా? హాస్టల్ తిండి నచ్చక టిఫిన్ మానేసి టీ బిస్కెట్లతో గడిపావా? కొత్త చోటు, దిగులు, నిద్ర లేకపోవడం కూడా లెక్కలోకి వస్తాయి.

నేను చేసిన తప్పు చెప్తాను. విశాఖపట్నంలో ఒక హెయిర్ క్లినిక్‌కి వెళ్ళాను, కెమెరా పెట్టి నెత్తంతా చూపించి భయపెట్టి ఆరు సిట్టింగుల ప్యాకేజీ కట్టించారు, ఒక్కళ్ళు కూడా రక్తం పరీక్ష రాయలేదు. తర్వాత మా ఊళ్ళో గవర్నమెంట్ ఆస్పత్రి డాక్టరమ్మ రెండే అడిగింది, కాన్పు ఎప్పుడయ్యింది, నెలసరి ఎక్కువ పోతోందా అని. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9, ఫెర్రిటిన్ (ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతో చెప్పేది) 7, రెండూ బాగా తక్కువే. మెట్లెక్కితే ఆయాసం ఎందుకొస్తోందో అప్పుడు అర్థమైంది. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోమంది, టీకి దూరంగా వేసుకోమంది (టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు), హిమోగ్లోబిన్ పెరిగాక కూడా మూడు నెలలు ఆపొద్దంది. చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, గుడ్లు మంచివే, తిను, కానీ అంత తగ్గిపోయాక ఒక్క తిండితో నిండదు. మూడో నెలకి రాలడం తగ్గింది, నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు లేచాయి. జడ మళ్ళీ పూర్వంలా అవడానికి మాత్రం ఏడాది పైనే పట్టింది, నెలకి ఒక సెంటీమీటరే కదా పెరిగేది.

అందుకే నువ్వు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, థైరాయిడ్ చేయించు. ఎవరో చెప్పారని జుత్తు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకి ముందే డాక్టర్‌కి చెప్పు, థైరాయిడ్ రిపోర్ట్ తప్పుగా రావచ్చు. నెలసరి సరిగ్గా రాకపోవడం, గడ్డం దగ్గర వెంట్రుకలు, మొటిమలు ఉంటే అది కూడా చెప్పు, పీసీఓడీ (హార్మోన్ల తేడా వల్ల వచ్చే అండాశయాల సమస్య) ఏమో చూస్తారు.

అందరిదీ ఒకే రకం కాదు. మా తమ్ముడికి కణతల దగ్గర, నడినెత్తిన పలచబడింది, అది వంశం నుంచి వచ్చేది, అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కూడా రావచ్చు. దానికి మినాక్సిడిల్ అనే మందు నెత్తికి రాస్తున్నాడు, ఆపితే మళ్ళీ పోతుంది. పక్కింటి బాబుకి రూపాయి బిళ్ళంత గుండ్రంగా ఊడింది, మనవాళ్ళు పేను కొరుకుడు అంటారు గానీ దానికీ పేనుకీ ఏ సంబంధం లేదు, ఒంట్లోని రక్షణ శక్తే కుదుళ్ళ మీద తిరగబడటం అది. వాళ్ళ నాన్నమ్మ గురివింద గింజ నూరి రాయబోతే నేనే ఆపాను. అది విషం చెల్లీ, పిల్లాడు ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది.

గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందని ఇంట్లో అంటారు, మొక్కు ఉంటే చేయించుకో, దీనికోసం వద్దు, కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి దాన్ని తాకదు. జడ బిగించి వెయ్యకు. దురద, చీము, పొలుసులు, లేదా ఒకే చోట నున్నగా అయిపోవడం ఉంటే ఆగకుండా స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. లేకపోతే ముందు రక్తం పరీక్ష చేయించి రిపోర్ట్‌లో ఎంతొచ్చిందో ఇక్కడే రాయి, చూస్తూ ఉంటాను.