లీనేజ్ ఓఎస్ వేసిన పాత ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ ఎందుకంత నెమ్మదిగా లోడ్ అవుతుంది?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: రెడ్‌మీ నోట్ 4లో కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి లీనేజ్ ఓఎస్ అనే వేరే ఆండ్రాయిడ్ వేసుకున్నారు, గూగుల్ యాప్‌లు పెట్టుకోలేదు. ఉచిత ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ అయిన ఎఫ్-డ్రాయిడ్ తెరిస్తే రిపోజిటరీలు (యాప్‌ల భాండారాలు, ముద్దుగా రిపోలు) అప్‌డేట్ అవుతున్నాయంటూ ఎంతకీ తెమలడం లేదు. గూగుల్ ఖాతా లేకుండా ప్లే స్టోర్ యాప్‌లు తెచ్చే ఆరోరా స్టోర్ అయితే ఒక్కోసారి లోపలికే రానివ్వదు. అమీర్‌పేటలో మీ హాస్టల్ వైఫై మీద స్పీడ్ టెస్ట్ పెడితే మాత్రం 80 ఎంబీపీఎస్ చూపిస్తోంది. అబిడ్స్‌లో ఒక షాపులో అడిగితే "ర్యామ్ చాలదు, ఫోన్ మార్చేయండి" అన్నారు.

ఫోన్ మార్చక్కర్లేదు. మా అమ్మ ఇప్పటికీ అదే మోడల్ వాడుతోంది, అందులోనూ లీనేజే ఉంది. చుట్టాల, స్నేహితుల పాత ఫోన్లన్నీ చివరికి మల్కాజిగిరిలో మా ఇంటికే చేరతాయి కాబట్టి ఈ ఫిర్యాదు నాకు బాగా అలవాటే.

ప్లే స్టోర్‌లో మీరు ఏదైనా వెతికితే ఆ వెతుకులాటంతా గూగుల్ సర్వర్లోనే జరుగుతుంది, ఫోన్‌కి జవాబు మాత్రం వస్తుంది. ఎఫ్-డ్రాయిడ్ అలా కాదు. స్టోర్‌లో ఉన్న వేల యాప్‌ల జాబితాను మొత్తంగా మీ ఫోన్‌లోకే దింపుకుంటుంది. ఒక్క సినిమా ఆట టైము కోసం పేపరంతా తెప్పించుకున్నట్టన్నమాట. యాప్ పేరు, వివరణ, ఆ వివరణకు ఎన్ని భాషల్లో అనువాదాలుంటే అన్నీ, ఒక్కో వెర్షన్‌కి కావలసిన పర్మిషన్లు, ఫైల్ మారిపోలేదని తేల్చే హాష్ విలువ, ఇవన్నీ ఆ జాబితాలో ఉంటాయి. మీరేం వెతుకుతున్నారో సర్వర్‌కి తెలియకుండా ఉండేది ఈ పద్ధతి వల్లే. నాకైతే ఆ బేరం నచ్చుతుంది, కానీ దానికయ్యే ఖర్చు మన ఫోనే భరించాలి. జాబితా దిగాక దాని డిజిటల్ సంతకం సరిచూడాలి, తర్వాత ఒక్కో యాప్ వివరాన్నీ ఫోన్ డేటాబేస్‌లో రాసుకోవాలి. నెట్‌తో పనిబడేది ఇందులో మొదటి భాగానికే.

ఐఫోన్లకు జైల్‌బ్రేక్ చేసుకునే (ఆపిల్ పెట్టిన కట్టడి తెంచుకునే) రోజుల్లో సిడియా వాడినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. జే ఫ్రీమన్ 2008లో తెచ్చిన ఆ స్టోర్, డెబియన్ లినక్స్‌లో ఉండే ఏపీటీ అనే ప్యాకేజీ వ్యవస్థ మీదే నడిచేది. అక్కడా అంతే, ప్రతి రిపో జాబితా ఫోన్‌లోకి దిగాల్సిందే. మా బావ ఐఫోన్ 4లో ఉన్నది 512 ఎంబీ ర్యామ్, అందులో కనిపించిన రిపో అల్లా ఎక్కించాడు. "రీలోడింగ్ డేటా" అని తెర మీద పడ్డాక లేచి టీ తాగి రావచ్చు. ఆ సరికి నెట్ పని ఎప్పుడో అయిపోయి ఉండేది, జాబితాలన్నీ కలుపుకుంటూ ఫోనే ఆయాసపడేది.

కాబట్టి ముందుగా ఎక్కడ ఆగుతోందో చూసుకోండి. అప్‌డేట్ నడుస్తున్నప్పుడు నోటిఫికేషన్ కిందికి లాగండి. డౌన్‌లోడ్ అంకె కదలకపోతే నెట్ సంగతి. డౌన్‌లోడ్ అయిపోయి, ఫోన్ వెచ్చబడి, వేరే యాప్‌లు కూడా తడబడుతుంటే స్టోరేజ్ సంగతి. ఈ రెండింటికీ మందు వేరు వేరు.

నెట్ అయితే, ఆ 80 ఎంబీపీఎస్ చూసి మోసపోకండి. స్పీడ్ టెస్ట్ సాధారణంగా దగ్గర్లో ఉన్న సర్వర్‌నే ఎంచుకుంటుంది, అంటే అది హైదరాబాద్ లోపలి వేగం. ఎఫ్-డ్రాయిడ్ కాపీలు ఉంచే మిర్రర్ సర్వర్లలో చాలావాటి చిరునామా యూరప్. ఒకటి జర్మనీలో ఎర్లాంగెన్ యూనివర్సిటీది, ఒకటి స్వీడన్‌లో లిన్‌షాపింగ్‌ది, ఇలా. మనకు సముద్రం లేదు కదా, మన ట్రాఫిక్ ముంబయికో చెన్నైకో వెళ్లి అక్కడ సముద్రపు కేబుల్ ఎక్కాలి. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు దెబ్బతిన్నప్పుడు ఇండియా నుంచి పడమటి వైపు వెళ్లే నెట్ నెమ్మదించింది. అలాంటప్పుడు ఇక్కడ వీడియోలు హాయిగా ఆడుతూనే ఉంటాయి, ఎందుకంటే పెద్ద కంపెనీల వీడియోల కాపీలు మన దేశంలోనే ఉంటాయి. ఎఫ్-డ్రాయిడ్ విరాళాల మీద నడిచే వ్యవస్థ, దానికి ఆ సౌకర్యం ఎక్కడిది?

సెట్టింగ్స్‌లో రిపోజిటరీస్‌కి వెళ్లి, ఎఫ్-డ్రాయిడ్ అనే మొదటి రిపో మీద నొక్కితే అధికారిక మిర్రర్ల జాబితా కనిపిస్తుంది. ఒక్కోటీ ఆపుతూ, వదులుతూ మీ నెట్‌లో ఏది చురుగ్గా ఉందో చూసుకుని, మిగతావి ఆపేయండి. ఒకటే ఉంచకండి, రెండు మూడు ఉంచండి, ఒకటి పడుకున్నా ఇంకోటి ఉంటుంది. మిర్రర్ మారిస్తే నకిలీ యాప్ వస్తుందేమోనని టెన్షన్ వద్దు. జాబితా మీద ఉండేది రిపో సంతకమే. మధ్యలో మిర్రర్ ఏదైనా మార్చితే ఫోన్ దాన్ని ఒప్పుకోదు.

హాస్టల్ వైఫై మీద నాకు వేరే అనుమానం కూడా ఉంది. రాత్రి పది దాటాక అమీర్‌పేటలో ఒక ఫ్లోర్ అంతా ఒకే రౌటర్ మీద పడుతుంది. ఒకసారి స్నేహితుడి మొబైల్ హాట్‌స్పాట్ మీద పెట్టి చూడండి. వెంటనే తేలిపోతే నేరం ఎఫ్-డ్రాయిడ్‌ది కాదు. అలాగే ప్రకటనలు ఆపడానికి వీపీఎన్ తరహా యాప్ ఏదైనా నడుస్తుంటే కాసేపు ఆపి చూడండి. ఇలాంటి ఫోన్లలో నేను మొట్టమొదట చూసేది అదే.

ఇక స్టోరేజ్. మీ ఫోన్లో ఉన్నది ఈఎంఎంసీ అనే పాత తరహా స్టోరేజ్ చిప్. ఇప్పటి ఫోన్లలో వచ్చే యూఎఫ్ఎస్‌తో పోలిస్తే చిన్న చిన్న రాతల దగ్గర బాగా వెనకబడుతుంది, నిండిపోయే కొద్దీ ఇంకా మొరాయిస్తుంది. అమ్మ ఫోన్లో గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేశాక వచ్చిన తేడా ఏ సెట్టింగ్ మార్చినా రాలేదు. కొన్ని జీబీలు ఖాళీ చేసి, రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయండి. ఆండ్రాయిడ్ తన స్టోరేజ్ సర్దుబాటు అలా ఖాళీగా ఉన్నప్పుడే చేసుకుంటుంది.

తర్వాత రిపోలు తగ్గించండి. ఆర్కైవ్ రిపో ఆన్ చేసి ఉంటే వెంటనే ఆపండి. అందులో ఉండేవి పాత వెర్షన్లు, ఎప్పుడో ఒకసారి వెనక్కి వెళ్లాల్సి వస్తే తప్ప దానితో పనిలేదు. ఇజ్జీఆన్‌డ్రాయిడ్ ఉంచుకోండి, అందులో మంచి యాప్‌లున్నాయి. ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన లింకు నుంచి చేర్చిన రిపోలు మాత్రం వేగం కోసమే కాదు, భద్రత కోసం కూడా తీసేయండి. రిపో సంతకం మంచిదే కావచ్చు, ఆ సంతకం ఎవరిదన్నదే ప్రశ్న.

ఎఫ్-డ్రాయిడ్ 1.16 కన్నా పాత వెర్షన్ ఉంటే మార్చండి. ఆ వెర్షన్ నుంచి కొత్త తరహా జాబితా వచ్చింది, ప్రతిసారీ మొత్తం దించకుండా క్రితంసారికీ ఇప్పటికీ ఉన్న తేడా మాత్రమే తెచ్చుకోగలదు. అయితే ఆ తేడా ఫైళ్లు ఇటీవలి కొన్ని జాబితాలకే దొరుకుతాయి. ఎప్పుడో పండక్కో పబ్బానికో తెరిచేవాళ్లకి మళ్లీ మొత్తం దిగాల్సిందే. అందుకే వైఫై మీద ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్ చేసి, మొబైల్ డేటాకి మాత్రం అడిగినప్పుడే అని పెట్టుకోండి. మీరు నిద్రలో ఉండగా అదే చూసుకుంటుంది. ఇవన్నీ చేసినా విసుగొస్తే డ్రాయిడిఫై (Droid-ify) అనే క్లయింట్, అంటే ఎఫ్-డ్రాయిడ్ యాప్ బదులు వాడే యాప్, ప్రయత్నించండి. అవే రిపోలు, అవే యాప్‌లు, పై తొడుగు వేరు. అమ్మ ఫోన్లో ఇప్పుడున్నది అదే, నా అనుభవంలో చురుగ్గా ఉంది.

ఆరోరా జబ్బు పూర్తిగా వేరు, దాన్ని దీనితో కలపకండి. అది జాబితా దించుకోదు, నేరుగా గూగుల్ ప్లే నుంచే తెస్తుంది. అనానిమస్ లాగిన్ అంటే చాలామంది కలిసి వాడే ఖాతాలు. వాటి మీద వాడకం పెరిగితే గూగుల్ పరిమితి పెడుతుంది, అప్పుడు మీ వైఫై ఎంత గొప్పదైనా ప్రయోజనం లేదు. లాగౌట్ చేసి, కాసేపాగి మళ్లీ అనానిమస్‌గా లాగిన్ అయితే వేరే ఖాతా దొరికే అవకాశం ఉంది. తొందరపడి మీ సొంత జీమెయిల్ ఇవ్వకండి. ఇలాంటి క్లయింట్‌తో వాడటం గూగుల్ షరతులకు విరుద్ధం, ఖాతా పోతే మెయిళ్లూ ఫోటోలూ దాంతోనే పోతాయి. తప్పదనుకుంటే దానికోసమే ఒక కొత్త ఖాతా తెరవండి.