ఓఓ మోడల్ రైలు బోగీ కింద పట్టాలు ఇరుకుగా ఎందుకు కనిపిస్తాయి? ఈఎం గేజ్‌కి మారాలా?

సికింద్రాబాద్‌లో పెరిగి ఇప్పుడు లీడ్స్‌లో ఉంటున్నానని, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఓఓ (OO, బ్రిటన్‌లో ఎక్కువగా వాడే మోడల్ రైళ్ల కొలత) సెట్‌లో బోగీలు పెద్దగా, పట్టాలు ఇరుకుగా అనిపిస్తున్నాయని రాశారు. మీరు చూసింది నిజమే. నేనూ ఇంగ్లండ్‌లోనే ఉంటూ చాలా ఏళ్లుగా ఓఓ రైళ్లు నడుపుతున్నాను.

ఓఓలో ఇంజిన్లూ బోగీలూ అడుగుకి 4 మిల్లీమీటర్ల లెక్కన చేస్తారు. బ్రిటన్‌లో అసలు పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8½ అంగుళాలు కాబట్టి మోడల్‌లో 18.83 మి.మీ. రావాలి. ఉన్నది 16.5. అంటే అసలు రైలు కొలతలో దాదాపు ఏడు అంగుళాలు తగ్గినట్టు! పైగా మన కళ్లు 1676 మి.మీ. బ్రాడ్ గేజ్‌కి అలవాటుపడ్డాయి. అదే లెక్కలో అది 22 మి.మీ. అవుతుంది. అందుకే మనకి ఆ ఇరుకు ఇంకాస్త ఎక్కువగా తెలుస్తుంది.

16.5 అసలు హెచ్‌ఓ (HO) అనే ఇంకో మోడల్ స్కేలుది. అక్కడ అడుగుకి 3.5 మి.మీ., లెక్క చక్కగా సరిపోతుంది. చిక్కల్లా బ్రిటిష్ రైళ్లతోనే. ఆ దేశంలో సొరంగాలు, వంతెనలు చాలా ముందే కట్టేశారు, వాటిలో ఇమడాలి కాబట్టి రైళ్లు యూరప్ రైళ్లకంటే సన్నగా, పొట్టిగా ఉంటాయి. వాటిని 3.5 లెక్కన చేస్తే ఆనాటి మోటారు లోపల పట్టేది కాదు. మోడల్ చక్రాలు కూడా లెక్కకు మించి మందం, ఆవిరి ఇంజిన్ బయటి సిలిండర్లకీ కడ్డీలకీ జాగా కావాలి. అందుకని పట్టాలు అలాగే ఉంచి, పైభాగాన్ని పెంచేశారు. 1922లో జర్మనీకి చెందిన బింగ్ కంపెనీ టేబుల్ మీద నడిచే చిన్న రైలు తెచ్చింది. 1938లో బ్రిటన్ బొమ్మల కంపెనీ మెకానో వాళ్లు హార్న్‌బీ డబ్లో అనే రైళ్లు తెచ్చాక ఈ కొలత స్థిరపడింది. చిన్న మోటార్లు వచ్చేసరికే ఇళ్లనిండా 16.5 పట్టాలున్నాయి, ఇక ఎవరు మారుస్తారు?

ఈఎం (EM) అంటే అదే 4 మి.మీ. లెక్కలో పట్టాల మధ్య దూరం 18.2 మి.మీ. ఉండే కొలత. చూడ్డానికి చాలా బాగుంటుంది, కాదనను. బోగీలకీ వ్యాగన్లకీ చక్రాలు మార్చడం తేలికే. ఆవిరి ఇంజిన్ మార్చడం మాత్రం ఓపికతో కూడిన పని, పాయింట్లు (రైలు ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారే చోట్లు) కూడా చాలావరకు మనమే అమర్చుకోవాలి. మొదటి లేఅవుట్‌కి (మోడల్ రైలు మార్గానికి) నేనైతే వద్దంటాను.

దానికంటే ముందు స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మలు, చూడండి. సెట్‌తో వచ్చే మామూలు ట్రాక్‌లో స్లీపర్లు మరీ దగ్గరదగ్గరగా ఉంటాయి. పాత బ్రిటిష్ లైన్లలో 60 అడుగుల పట్టాకి 24 స్లీపర్లు వేసేవారు, అంటే మోడల్‌లో సుమారు 10 మి.మీ.కి ఒకటి. మోడల్ ట్రాక్ చేసే పీకో కంపెనీ ఇప్పుడు 16.5లోనే బుల్‌హెడ్ (పాత బ్రిటిష్ తరహా పట్టా) ట్రాక్ అమ్ముతోంది, అందులో ఈ దూరం సరిగా ఉంటుంది. నేను ముందువైపు కనిపించే లైన్ మొత్తం దానితో మార్చి, సన్న కంకర పోసి, పట్టాల పక్కలకి తుప్పు రంగు వేశాను. పక్కనుంచి, కంటి ఎత్తులో చూస్తే ఇరుకు దాదాపు తెలియదు. ఎదురుగా చూసే చోట మాత్రం ఇప్పటికీ తెలుస్తుంది, అందుకే ఆ మూల ఒక వంతెన పెట్టాను.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంకి ఒకసారి వెళ్లండి. ఈఎంకి దగ్గరగా ఉండే 18 మి.మీ. పట్టాల మీద కట్టిన లేఅవుట్లూ, 16.5 మీద నడిచిన జాన్ అహెర్న్ చేసిన మ్యాడర్ వ్యాలీ అనే మోడల్ లైనూ అక్కడే ఉన్నాయి. రెండూ చూశాక నిర్ణయించుకోండి.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ఇంకో సంగతి: 1970ల్లో లిమా కంపెనీ బ్రిటిష్ రైళ్లని మొదట హెచ్‌ఓలోనే చేసి, తర్వాత ఓఓకి మారింది. ఆ తొలినాటివి మీ పట్టాల మీద నడుస్తాయి గానీ మీ బోగీల పక్కన చిన్నవైపోతాయి. కొనేముందు ప్యాకింగ్ డబ్బా మీద ఏ స్కేలు రాసుందో చూసుకోండి.