గుంటడు ఏడవకపోతే?

తమ్ముడూ,

కథ అందింది, రెండుసార్లు చదివాను. తిత్లీ తుపాను తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటడం (2018 అక్టోబరు 11, తేదీ సరిగ్గానే వేశావు), కొబ్బరితోటంతా నేలకొరగడం, అప్పు తీర్చడానికి అమ్మానాన్నా చెన్నై పనులకి పోతే ఆరేళ్ళ గుంటడు నాయనమ్మ దగ్గర ఉండిపోవడం, అంతవరకు బాగా పట్టావు. పేజీ తిప్పేసరికి వాడికి పదమూడేళ్ళు, బడి మానేశాడు, దొంగతనాలు. అంత గబగబా ఎలా పాడైపోయాడయ్యా?

చిన్నప్పటి కష్టాలూ దెబ్బలూ ఎక్కువయ్యేకొద్దీ పెద్దయ్యాక తాగుడు, డిప్రెషన్, గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని 1998లో అమెరికాలో ఫెలిట్టి, అండా అనే డాక్టర్లు చూపించారు, నిజమే. ఆ అవకాశాన్ని నువ్వు జాతకంగా రాసేశావు.

అమ్మానాన్నా రైలెక్కేటప్పుడు స్టేషన్‌లో వాణ్ణి ఒకటిన్నర పేజీ ఏడిపించావు కదా, అదీ తీసెయ్. మేరీ ఐన్స్‌వర్త్ అనే ఆవిడ, ఏడాది పిల్లల్ని గదిలో ఉంచి తల్లి కాసేపు బయటికెళ్ళి తిరిగొస్తే ఏం చేస్తారో చూసింది. కొందరు ఏడవరు, తల్లి తిరిగొచ్చినా తలెత్తరు, బొమ్మతో ఆడుకుంటూనే ఉంటారు. ఎంత నిబ్బరమో అనుకుంటాం. తర్వాత ఇంకొకరు అలాంటి పిల్లల గుండె వేగం కొలిస్తే, ఏడ్చే పిల్లలకి లాగే దడదడలాడుతోంది! నీ గుంటడికి అలాంటి గుండె ఇవ్వు.

నా సంగతే చెప్తాను. మా నాన్న కలకత్తా జూట్ మిల్లులో పనికి పోయేవాడు, ఏడాదికోసారి వచ్చేవాడు. వచ్చిన రోజు నేను పెరట్లో దాక్కునేవాణ్ణి, పొగరు అనేవారు. ఇప్పుడు అరవై దాటాయి, మా అబ్బాయి బెంగళూరు బయల్దేరితే బస్టాండుకి వెళ్ళను, ఏదో పని పెట్టుకుంటాను. మా ఆవిడ ముప్పై ఏళ్ళ నుంచీ నాకు ప్రేమ తక్కువ అనుకుంటోంది. దెబ్బ అదే, వయసుకో వేషం వేస్తుంది. ఆ వేషాలు రాయి, దొంగతనం కంటే కష్టం గానీ.

ఇంకో గొడవ, నాయనమ్మని మూడో పేజీలోనే ఎందుకు చంపేశావు? రుమేనియా అనాథాశ్రమాల నుంచి రెండేళ్ళలోపే పెంపుడు ఇళ్ళకి చేరిన పిల్లలు, ఆలస్యంగా వెళ్ళినవాళ్ళ కంటే బాగా మనిషికి అతుక్కున్నారని తేలింది. వాడికి ఆ మనిషి ముందునుంచీ ఇంట్లోనే ఉంది, రోజూ అదే వేళకి బువ్వ పెట్టి, తిట్టి, పక్కన పడుకోబెట్టుకునే మనిషి. ఆవిణ్ణి బతికించి మళ్ళీ రాసి పంపు.

అన్నట్టు, ఆరో పేజీలో వాళ్ళమ్మ చెన్నై నుంచి బస్సు దిగింది. వెళ్ళేటప్పుడు రైలెక్కించావు కదా, సరిచూసుకో.