నీళ్ల ట్యూబులో వచ్చిన గీత

చి. అమ్మడికి,

పెద్దనాన్న ఆశీస్సులు. పీసీఆర్ చేసి, అంటే డీఎన్‌ఏలో కావలసిన ముక్కకు ట్యూబులో కోట్ల నకళ్లు తీసి, వాటిని పొడవును బట్టి విడదీసే జెల్‌లో నడిపి నువ్వు పంపిన ఫొటో చూశాను. ఎనిమిది శాంపిళ్లకూ బ్యాండ్, అంటే నకళ్లు పోగై కనబడే గీత, వచ్చిందని మురిసిపోతూ, చివరి గాడిలో కూడా సన్నగా ఒక గీత ఉందని మాటవరసకు అన్నట్టు రాశావు. ఆ చివరి గాడి ఏమీ రాకూడని నెగెటివ్ కంట్రోల్‌ది. అందులో డీఎన్‌ఏకు బదులు నువ్వు వేసింది నీళ్లు. నీళ్లకే బ్యాండ్ వచ్చాక మిగతా ఎనిమిదింటినీ ఏం చూసి నమ్మమంటావు? వేడిచేసి చల్లార్చే సైకిళ్లు 30 నుంచి 40కి పెంచితే బ్యాండ్లు ఇంకా దట్టంగా వస్తాయా అని అడిగావు. వస్తాయి. ఆ నీళ్ల బ్యాండూ దట్టంగానే వస్తుంది.

మిషన్ జోలికి పోయే ముందు ట్యూబులో ఏం జరుగుతోందో ఓసారి మనసులో చూసుకో. 95 డిగ్రీల దగ్గర డీఎన్‌ఏ జంట పోగులు విడిపోతాయి. 55 దాకా చల్లార్చేసరికి ప్రైమర్లు, అంటే కావలసిన ముక్క రెండు కొసల్నీ గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ తునకలు, తమకు సరిపడే చోటు చూసుకుని అతుక్కుంటాయి. 72కి రాగానే నకలు తీసే ఎంజైము పాలిమరేజ్ ఆ ప్రైమర్ కొసను పట్టుకుని ఒక్కో అక్షరమే చేర్చుకుంటూ పోతుంది. మొదటి సైకిల్లో అది ఎక్కడ ఆగాలో దానికి తెలియదు, టైమున్నంత దూరం పోతూనే ఉంటుంది. రెండు ప్రైమర్ల మధ్య కత్తిరించినట్టుండే జంట ముక్క మూడో సైకిల్లోగాని పుట్టదు. నమ్మకం కుదరకపోతే కాగితం మీద రెండు రంగుల పెన్నులతో గీసి చూడు, నేనూ అలాగే నేర్చుకున్నాను.

అక్కణ్నుంచి రెట్టింపులే. లెక్క ప్రకారం 30 సైకిళ్లకు ఒక్క అణువు 107 కోట్లు దాటుతుంది. నిజంగా అంత రాదులే, చివరి సైకిళ్లలో ప్రైమర్లు తరిగిపోయి, ఎంజైము నీరసించి, పెరుగుదల ఆగిపోతుంది. అయినా నిన్నటి ప్రాడక్టు ట్యూబు మూత తీసినప్పుడు లేచే కంటికి ఆనని తుంపరలో ఆ నకళ్లు లక్షల్లో ఉంటాయి. వాటిలో పదో పరకో నీ నీళ్ల సీసాలో పడితే చాలు.

నీ ఎంజైము సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. 1983లో అమెరికా రసాయన శాస్త్రవేత్త కేరీ మల్లిస్‌కు ఈ పీసీఆర్ ఆలోచన తట్టినప్పుడు చేతిలో ఉన్నది మన పేగుల్లో బతికే ఈ.కోలై బ్యాక్టీరియా పాలిమరేజ్. అది 37 డిగ్రీల మనిషి. 95కి పోగానే ఉడికిన గుడ్డులా గడ్డకట్టి చచ్చిపోయేది. అందుకని ప్రతి సైకిలుకూ మూత తీసి కొత్త ఎంజైము పోసేవాళ్లు. అంతకు చాలా ముందే, 1966లో, అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో థామస్ బ్రాక్, ఆయన శిష్యుడు హడ్సన్ ఫ్రీజ్ ఒక బ్యాక్టీరియాను పట్టుకుని ఉన్నారు. పేరు థెర్మస్ అక్వాటికస్. 70 డిగ్రీల నీళ్లలో హాయిగా బతికే రకం. 1976లో దాని పాలిమరేజ్‌ను విడదీశారు, 1988లో అది పీసీఆర్‌లోకి దిగినట్టు పేపరు వచ్చింది. మనం టాక్ అంటున్నది దాన్నే.

అందరూ టాక్ వల్ల శ్రమ తగ్గిందంటారు. నన్నడిగితే అది చిన్న లాభం. 37 డిగ్రీల దగ్గర ప్రైమర్లు సగం సగం కుదిరిన చోట కూడా అంటుకుపోతాయి, ఎంజైము వాటినీ పొడిగించేస్తుంది. 55లోనో 60లోనో అతికించి, 72లో నడిపితే సరిగ్గా కుదరని ప్రైమర్ నిలవలేక జారిపోతుంది. తప్పు నకళ్లు తగ్గడానికి అసలు కారణం ఆ వేడి. నీ జెల్లో అక్కరలేని బ్యాండ్లు కనబడినప్పుడు ముందు అతుకు ఉష్ణోగ్రతను రెండేసి డిగ్రీలు పెంచి చూడమనేది ఇందుకే.

వేడికి తట్టుకుంటుందంటే చావు లేదని కాదు. 95 దగ్గర సుమారు 40 నిమిషాలు ఉంచితే టాక్ సత్తా సగానికి పడిపోతుంది. సైకిలుకు ఒక నిమిషం చొప్పున 40 సైకిళ్లు ఉడకబెడితే సరిగ్గా అదే అవుతుంది. అరనిమిషం చాలు. ఇంకోటి, టాక్‌కు తన తప్పు తాను దిద్దుకునే గుణం లేదు. బ్యాండ్ ఉందా లేదా చూడ్డానికి దానితో ఇబ్బందేం లేదు. ఆ ముక్కను క్లోనింగ్‌కు, అంటే వేరే కణంలో పెట్టి పెంచడానికి, వాడతానంటే మాత్రం దిద్దుకునే పీఎఫ్‌యూ ఎంజైము లాంటిది తీసుకో.

ఇక చేతిపని. ఎంజైము గ్లిజరాల్లో ఉంటుంది, అందుకే ఫ్రీజర్‌లో కూడా గడ్డకట్టదు. కొలిచి పీల్చే పైపెట్ టిప్పును లోపలికి ముంచేశావనుకో, బయట కూడా తేనెలా అంటుకుని నువ్వు అనుకున్నదానికి రెట్టింపు వచ్చేస్తుంది. టిప్పు కొన ద్రవం పైభాగాన్ని తాకీ తాకనట్టు పెట్టి, నెమ్మదిగా పీల్చు. వదిలేటప్పుడూ నెమ్మదే. అది బరువుగా అడుక్కు దిగిపోతుంది కాబట్టి ట్యూబును మెల్లగా కలపకపోతే పైనున్నదంతా ఉత్త నీళ్లే. ఒక్కో ట్యూబుకు పావు మైక్రోలీటరు కొలుస్తానని కూర్చోకు, అది కొలత కాదు, ఊహ. పది ట్యూబులుంటే పదకొండుకు సరిపడా మాస్టర్ మిక్స్, అంటే శాంపిల్ తప్ప మిగతావన్నీ, ఒకేసారి కలుపుకుని పంచుకో.

ఇప్పుడు నీ నీళ్ల బ్యాండ్. గీత జెల్ అడుగున, వంద బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) లోపు మసకగా ఉంటే అది ప్రైమర్లు ఒకదానికొకటి అంటుకుని పుట్టింది, పెద్దగా కంగారు అక్కర్లేదు. నీ ఫొటోలో అలా లేదు. శాంపిళ్ల బ్యాండ్ ఏ ఎత్తున ఉందో ఇదీ అదే ఎత్తున ఉంది. అంటే బయట్నుంచి వచ్చి పడింది.

నాకూ ఇది జరిగింది. పనిలో చేరిన రెండో ఏడు, జెల్‌లో వేసిన ప్రాడక్టు ట్యూబులు తెరిచే బల్ల మీదే మరుసటి రోజు మిక్స్ కలిపేవాణ్ని. బల్ల ఒక్కటే ఖాళీ మరి. మూడు వారాలు నీళ్లు మార్చాను, ప్రైమర్లు మార్చాను, ఎంజైము మార్చాను, గీత పోలేదు. చివరికి అది నా పైపెట్ గొట్టంలో దొరికింది. ఆ పైపెట్‌నే రెండు పనులకూ వాడుతున్నాను. ఆ రోజునుంచి మిక్స్ కలిపే పైపెట్లకు ఎర్ర టేపు చుట్టాను, అవి గది దాటి బయటికి పోలేదు. తుంపరను పైపెట్‌లోకి పోనివ్వని ఫిల్టర్ టిప్పులు లేకుండా ట్యూబు ముట్టుకోలేదు.

నువ్వు ఈ ఆదివారం లోపల ఒక పని చెయ్యి. బల్లను బ్లీచ్‌తో తుడిచి, కొత్త నీళ్లు చిన్నచిన్న ట్యూబుల్లోకి పంచుకుని, రెండు నీళ్ల కంట్రోళ్లు పెట్టు. ఒకటి మాస్టర్ మిక్స్ కలపగానే, శాంపిల్ డబ్బా తెరవకముందే మూత వేసేది. రెండోది శాంపిళ్లన్నీ వేసేదాకా పక్కనే మూత తెరిచి ఉంచి, అందరికన్నా చివర్న మూసేది. మొదటిదాంట్లోనే గీత వస్తే తప్పు మిక్స్‌లోనో, దాన్ని కలిపిన పైపెట్‌లోనో ఉన్నట్టు. రెండోదాంట్లో మాత్రమే వస్తే శాంపిళ్లు వేసేటప్పుడు నీ చేతి దగ్గర ఉన్నట్టు. సైకిళ్లు 30 దాటించకు.

శాంపిళ్ల ఫొటో తర్వాత సంగతి. ముందు ఆ రెండు నీళ్ల గాడుల ఫొటో పంపు.

నీ పెద్దనాన్న