మంచు దేశానికి తిరుపతి పిలక

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుంది. పెరట్లో అరటి చెట్టు ఉండాలని దాని కోరిక. వచ్చే నెల వెళుతున్నాను. మా ఇంటి చక్కరకేళి పిలక తీసుకెళ్లవచ్చా? అక్కడి మంచుకు తట్టుకుని గెల వేస్తుందా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, పెట్టెలో ఆ చోటు ఆవకాయకు ఇవ్వండి. అనుమతి పత్రాలు లేని పిలకను అక్కడి విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. పచ్చగా, నిండుగా ఉన్న పిలకలోనూ వెర్రితల వైరస్ గానీ, పనామా తెగులు గానీ దాగి ఉండవచ్చు. మొక్క అక్కడే కొనమనండి.

గెల మీద ఆశ పెట్టుకోకండి. పద్నాలుగు డిగ్రీల కన్నా చలి పెరిగితే మన అరటికి ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మంచు పట్టిన రాత్రి తెల్లారేసరికి ఆకులు ఉడికినట్టు నల్లబడతాయి. మన ఎండల్లోనే గెల కోతకు ఏడాది పడుతుంటే, ఐదారు నెలల వెచ్చదనంతో అక్కడ ఏం కాస్తుంది?

ఆకు కోసమైతే ‘మూసా బాజూ’ రకం వేయించండి. జపాన్ అరటి అంటారు గానీ పుట్టిల్లు చైనా. కాయలు గింజల మయం, తినలేం. అయితే దుంపను కప్పి కాపాడితే మైనస్ పది డిగ్రీల చలిలోనూ బతుకుతుంది. మనం కాండం అనుకునేది ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు మట్టలే. పువ్వు బయలుదేరే వరకూ పెరిగే మొన నేల మట్టంలో, దుంప మీదే ఉంటుంది. పైనంతా చచ్చినా వసంతంలో మళ్లీ మొలిచేది అందుకే.

అక్టోబరు చివర, గట్టి మంచుకు ముందే ఆకులన్నీ కోసి, మూడడుగుల మాను ఉంచాలి. చుట్టూ ఇనుప వల నిలబెట్టి, లోపల ఎండుగడ్డి కూరి, పైన వాన పడకుండా మూత వేయాలి. ఈ మూత దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. కోసిన మొవ్వులోకి నీరు దిగితే చలి కన్నా ముందు కుళ్లే చంపుతుంది. మొదలు చుట్టూ అడుగు మందాన ఎండుటాకులు పోయాలి. మంచు భయం పూర్తిగా పోయాకే విప్పాలి.

తినే అరటే కావాలని పట్టుబడితే పొట్టి కావెండిష్‌ను పెద్ద కుండీలో పెంచి, చలికాలం ఇంట్లోకి జరపాలి. ఆ పేరు పుట్టిందే చలి దేశంలో! 1830లలో ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటమాలి వెచ్చటి గాజు ఇంట్లో దాన్ని కాయించాడు. పేరేమో యజమాని విలియం కావెండిష్‌ది. మన దగ్గర పండించే జి-9 అరటి కూడా ఈ కావెండిష్ జాతిదే. కాకపోతే పాక్స్‌టన్‌కు బొగ్గు ఖర్చు పెట్టే జమీందారు ఉన్నాడు. మీ అమ్మాయికి కిటికీ పక్క ఎండే దిక్కు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ మట్టి పైపొర ఆరాకే నీరు పోయాలి. హీటరు వేసిన పొడిగాలికి ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అక్టోబరులో కోసిన ఆకులను పారేయనివ్వకండి. ఈనె తీసి, తుడిచి, మడిచి ఫ్రీజరులో పెట్టమనండి. తీశాక సెగ చూపిస్తే మెత్తబడతాయి. వడ్డనకు కొంచెం రంగు మారినా, ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటలకు బాగా పనికొస్తాయి.