నల్లేరు పచ్చడి తింటే గొంతు దురద?

ప్రశ్న: మా అత్తయ్య ఊరి నుంచి నల్లేరు పంపింది. ఎముకలకు మంచిదని పచ్చడి చేస్తే గొంతంతా ఒకటే దురద. ఏం తప్పు చేశానండీ?

జవాబు: టెన్షన్ పడకండమ్మా, కాడలు ముదిరి ఉంటాయి. అందులోని కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా గుచ్చుతుంది, అదీ దురద. చేతులకు నూనె రాసుకుని, చివరి లేత కాడలే తుంచి, కణుపులూ అంచుల నారా తీసేసి, పచ్చిదనం పూర్తిగా పోయేదాకా నూనెలో ఎర్రగా వేయించి, చింతపండు కాస్త ఎక్కువే వేసి నూరండి. వేడన్నంలో నువ్వుల నూనెతో ఎంత బాగుంటుందో! సంస్కృతంలో దీన్ని అస్థిసంహారక అంటారు, విరిగిన ఎముకలకు పూర్వం నుంచీ వాడుతున్నారు. అలాగని కట్టు మానేసి పచ్చడి తినకండి, ఎముక విరిగితే ముందు డాక్టరే. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లొద్దు.